పులికాట్ రేవులో ఒక రోజు

రాయలసీమ దక్షిణపు కొసన నివసించే మనకు సముద్రం దూరపు బంధువు వంటిది. పిచ్చాటూరు వద్ద అరణియారు ప్రాజెక్టులో నిలిచిన నీరు ఎటు పోతుందో తెలిస్తే మాత్రం ఆ దూరం కొంత తగ్గుతుంది. నాగలాపురం, సురుటుపల్లి, ఊత్తుకోట, పొన్నేరి మీదుగా సాగి ఆ ఏరు పులికాట్ సరస్సులో కలుస్తుంది. చిల్కా తరువాత మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో ఇదే పెద్దది. సరస్సులో అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నా, పాత రేవు మాత్రం తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. తమిళులు ఆ ఊరిని పళవేర్కాడు అంటారు. ఒక సెలవు దినాన ఇంటిల్లిపాదీ పుత్తూరు నుంచి ఏటి దారినే బయలుదేరి వెళ్లి, పగలంతా అక్కడ గడిపాము.

విజయనగర రాజుల కాలంలో ఇది తూర్పు తీరపు ముఖ్యమైన రేవులలో ఒకటి. ఇక్కడి నుంచి నూలు వస్త్రాలు మలక్కా, జావా దీవుల దాకా వెళ్లేవి. మలయా దేశస్థులు గళ్ల లుంగీని నేటికీ ‘కైన్ పెలికత్’ అంటారు. అంటే పులికాట్ బట్ట. మన నేతగాని పనితనం ఈ ఊరి పేరుతో సముద్రాలు దాటి నిలిచిపోయింది.

ఆ వస్త్రాల కోసమే డచ్చివారు వచ్చారు. ఒకప్పుడు చంద్రగిరి నుంచి రాజ్యమేలిన అరవీటి వేంకటపతిరాయల అనుమతితో ఇక్కడ స్థిరపడి, 1613లో గెల్డ్రియా కోటను కట్టారు. 1690 వరకు ఈ తీరమంతటా వారి వ్యాపారానికి ఇదే ముఖ్య కేంద్రం. నేడు ఆ కోట స్థలంలో ముళ్లపొదలు, మట్టిదిబ్బ, ఒక కందకం మాత్రమే మిగిలాయి. దగ్గరలోనే పురావస్తు శాఖ సంరక్షణలో డచ్చివారి సమాధులు ఉన్నాయి. వాటి ద్వారం వద్ద రాతిలో చెక్కిన అస్థిపంజరాలను చూసి పిల్లలు భయపడ్డారు.

నిజంగా భయపడవలసినది వేరొకటి ఉన్నదని వారికి చెప్పాను. పదిహేడవ శతాబ్దంలో కరవులు, యుద్ధాలు వచ్చినప్పుడు ఆకలికి తాళలేక అమ్ముడుపోయిన మనుషులను ఈ రేవులోనే ఓడలెక్కించి బటావియాకు, అంటే నేటి జకార్తాకు, బానిసలుగా పంపేవారు. బట్టల మూటలు వెళ్లిన దారినే మనుషులూ వెళ్లారు. అదే రేవు, అవే ఓడలు, అదే లెక్కల పుస్తకం. వ్యాపారి చేతిలోని త్రాసు ఒక్కసారి ధర్మం తప్పితే ఎంత దూరం పోగలదో ఆ దిబ్బ మీద నిలబడితే తెలుస్తుంది.

జొహ్ర్ వేళకు మస్జిద్ చేరుకున్నాము. ఇక్కడి ముస్లిములు మరక్కాయర్లు. వీరి పూర్వులది సముద్ర వ్యాపారం. తమిళాన్ని అరబీ లిపిలో రాసే ‘అర్వీ’ సంప్రదాయం ఈ సమాజానిదే. చిన్న మస్జిద్‌లో నీడ గడియారం ఉంది. సూర్యుడు నడినెత్తి దాటి నీడ తూర్పునకు మళ్లగానే జొహ్ర్ సమయం మొదలవుతుంది. అస్ర్ దగ్గర మాత్రం మనకూ వారికీ తేడా ఉంది. మధ్యాహ్నపు నీడను మినహాయించి, వస్తువు నీడ దాని ఎత్తుకు సమానం కాగానే వారు అస్ర్ ప్రవేశించినట్లు లెక్కిస్తారు. రెండింతలయ్యే వరకు మనం ఆగుతాము. వారు షాఫయీలు, మనం హనఫీలము. సముద్ర మార్గాన వచ్చిన సంప్రదాయం తీరంలో నిలిచింది, ఉత్తరాది నుంచి వచ్చినది మన సీమలో నిలిచింది. ఒకే నీడను రెండు విధాలుగా కొలిచేవారు ఒకే వరుసలో భుజం కలిపి నిలబడటం పిల్లలు కళ్లారా చూశారు. పుస్తకంలో నెల రోజులు చెప్పినా అది ఇంత స్పష్టంగా బోధపడదు.

ఇక్కడి ముస్లిం స్త్రీలలో పలువురు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు. ఆకును సన్నగా చీల్చి, రంగు వేసి, ఇంటి పట్టునే ఉండి అల్లుతారు. ఓడల వ్యాపారం పోయిన ఊరిలో పలు ఇళ్లకు ఆ అల్లిక ఒక ఆధారమైంది.

సాయంకాలం వంతెన దాటి దీపస్తంభం వైపున ఉన్న జాలరి పల్లెకు వెళ్లాము. సరస్సులో చేపల వేటకు ఇక్కడ ‘పాడు’ అనే పాత కట్టుబాటు ఉంది. ఎవరు ఏ రోజు ఏ చోట వల వేయాలో చీట్లు తీసి, వంతుల ప్రకారం నిర్ణయిస్తారు. మంచి చోటు ఎప్పటికీ ఒక్కరిదే కాకూడదన్నది దాని ఉద్దేశం. కానీ అందులోనూ ఒక లోటు ఉంది. ఈ హక్కు కొన్ని పాత జాలరి గ్రామాలకే చెందుతుంది. మన యానాదుల వంటి ఇరుళర్ స్త్రీలు నీటిలో దిగి, బుట్టను నోట కరచుకుని, చేతులతో బురద తడిమి రొయ్యలు పడతారు. చీట్లలో వారి పేరు ఉండదు.

వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన తెలుగు కలిసిన తమిళంలో తన చింత చెప్పుకున్నాడు. “బాయ్, ముఖద్వారం ఇసకతో పూడిపోతే చేప లోపలికి రాదు, పడవ బయటికి పోదు” అన్నాడు. ఏటి నుంచి మంచినీరు, సముద్రం నుంచి ఉప్పునీరు కలిస్తేనే ఈ సరస్సుకు జీవం. వానకారులో ఏటి వరద ఇసుకమేటను తోసివేస్తుంది. ఎండకాలంలో ప్రవాహం సన్నగిల్లి, అలలు తెచ్చిన ఇసుక మళ్లీ పేరుకుంటుంది. అందుచేత పిచ్చాటూరు పైన కురిసే వాన ఆ జాలరి పొయ్యికి కూడా సంబంధించినదే.

ఈ సంగతి మనం మరువరాదు. మన ఊరి ఏటిలో ఇసుక తవ్వినా, కాలువలో చెత్త పోసినా, దాని ఫలితం మనం ఎన్నడూ చూడని వాకిలికి చేరుతుంది. పొరుగువాని హక్కు గోడ పక్క ఇంటితోనే ముగియదు. నీరు పారినంత దూరం అది ఉంటుంది. అల్లాహ్ మనకిచ్చిన నీటికి లెక్క చెప్పవలసిన రోజున, దిగువనున్న వారు కూడా సాక్షులుగా నిలుస్తారు.