మా ఇంటి కంప్యూటరు నేర్పిన లెక్క



ఆటలాడుకొనే కంప్యూటరును గురించి సంఘ పత్రికలో వ్రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చును. అయితే ఈ రోజులలో పల్లెలలోని మన పిల్లలు కూడ ఈ కోరికతోనే ఇంటికి వస్తున్నారు. మేము ఎక్కడ తప్పటడుగు వేశామో చెబితే మరొక కుటుంబమునకు మేలు కలుగునని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది లక్షెట్టిపేట దగ్గరి పల్లె. 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు మంచిర్యాల జిల్లా. పత్తి, వరి మా జీవనాధారము. మా పెద్దవాడు కరీంనగర్‌లో పాలిటెక్నిక్ చదువుతూ 2022 క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చి ఒక కోరిక బయటపెట్టాడు. "బాపూ, రెడీమేడ్‌ది వద్దు. సామాన్లు విడివిడిగ కొనుక్కొచ్చి నేనే బిగిస్త. చదువుకు పనికొస్తది, గేములు గూడ ఆడుకోవచ్చు" అన్నాడు.

గేములు అన్న మాట వినగానే మా గుండె గుభేలుమన్నది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025లో దేశమంతటికీ చట్టము వచ్చింది. వాడు అడిగినవి ఆ జాతి ఆటలు కావు. ట్రాక్టరుతో దున్ని, విత్తి, కోత కోసే 'ఫార్మింగ్ సిమ్యులేటర్' అనే ఆటను ఫోనులో చూపించాడు. పగలంతా పొలములో చేసేది చాలదా, రాత్రి తెర మీద కూడానా అని మేము నవ్వుకున్నాము. అయినా భయము పోలేదు.

మా సంఘకాపరి అయ్యగారిని అడిగాము. "వద్దనుట సులువు. కొనిపెట్టి వానితో కూడ కూర్చుండుట కష్టము. మీరు కష్టమైనదే చేయండి" అన్నారు. ఆ రాత్రి ముగ్గురమూ కలిసి మూడు మాటలు ఖాయము చేసుకున్నాము. కంప్యూటరు ముందు గదిలోనే ఉండాలి. కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఆట లేదు. పైసల పందెము ఎప్పుడూ లేదు. ఖర్చు 45,000 రూపాయలు దాటరాదు. పత్తి డబ్బులో 37,000 మేమిస్తాము, మిగిలిన 8,000 వాడే సంపాదించాలి. వాడు వేసవిలో పెండ్లి వీడియోలు తీసేవారి వెంట తిరిగి ఆ డబ్బు కూడబెట్టాడు.

గోపురము కట్టబోయేవాడు ముందుగా ఖర్చు చూచుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా 14వ అధ్యాయములో ఉన్నది. మావాడు నిజముగా అలాగే కూర్చున్నాడు. ముందు ఏ ఆటలు ఆడాలి, తెర ఎంత ఉండాలి అని తేల్చుకొని, ఆ తరువాతనే సామాను చూశాడు. ఆటల కంప్యూటరులో అన్నిటికంటె ఖరీదైనది సాధారణంగా గ్రాఫిక్స్ కార్డు. 2021లో చిప్పుల కొరత వలన, క్రిప్టో నాణెముల వేట వలన వాటి ధరలు ఆకాశమునంటాయి. తరువాత దిగినా మన చేతికందలేదు. అందుకని బొమ్మలు చూపే శక్తి తనలోనే ఉన్న రైజెన్ 5 5600జీ ప్రాసెసరును ఎంచుకున్నాడు. కార్డు పెట్టే చోటు బోర్డు మీద ఖాళీగా ఉంటుంది, దేవుడిచ్చినప్పుడు కొనుక్కోవచ్చు.

వాని కాగితము మీద లెక్క ఇది. ప్రాసెసరు 12,000. దాని సాకెట్టుకు సరిపోయే మదర్‌బోర్డు 7,000. మెమరీ 8 జీబీవి రెండు కలిపి 3,500. 16 జీబీది ఒక్కటే కొంటే పోదా అని అడిగాము. ఇటువంటి ప్రాసెసరు బొమ్మల కొరకు మెమరీనే వాడుకుంటుంది గనుక, రెండు పట్టీలుంటే రెండు దారులలో పని సాగి ఆట బాగా నడుస్తుందని చెప్పాడు. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 2,800. ఎస్‌ఎంపీఎస్ 3,500. మామూలు కేబినెట్ 2,500. మానిటరు 7,500. కీబోర్డు, మౌసు 1,200. యూపీఎస్ 4,000. దారి ఖర్చులు 1,000. మొత్తము సరిగ్గా 45,000.

2023 మే నెలలో కరీంనగర్‌లో ధరలు విచారించి, ఒక రోజు మంచిర్యాలలో పొద్దుటి రైలెక్కి సికింద్రాబాదు వెళ్లాము. పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను అందరూ సీటీసీ అంటారు. మెట్లెక్కి దిగితే అన్నీ కంప్యూటరు సామాన్ల దుకాణములే. అక్కడ మా బుద్ధి తిరిగింది. అద్దాల తలుపుతో, రంగురంగుల లైట్లతో ఒక కేబినెట్ కనిపించింది, ధర 5,000. ముందు గదిలో పెట్టేది కదా, నలుగురూ చూస్తారని మాకు ముచ్చట వేసింది.

"పెట్టెను చూసి మురిస్తే ఏమస్తది బాపూ, ఎస్‌ఎంపీఎస్ మంచిది ఉండాలె. రేపు కార్డు వేస్తే అదే మొయ్యాలె" అని వాడు మొత్తుకున్నాడు. మా చుట్టాల ఇంట్లో పాత కంప్యూటరుది ఉన్నది, అది వాడుకో అన్నాము. ఇన్వర్టరు ఉండగా యూపీఎస్ దేనికన్నాము. రెండింటినీ కొట్టివేసి 7,500 మిగిల్చాము. అందులో 2,500 కేబినెట్‌కు కలిపి 5,000 జేబులో పెట్టుకొని, బేరము బాగా కుదిరిందని సంబరపడ్డాము. వాడు దారి పొడుగునా మాట్లాడలేదు.

మరునాడు ముందు గదిలో బల్ల మీద దుప్పటి తీసివేసి వాడు బిగిస్తుంటే మేము చుట్టూ కూర్చున్నాము. ఒంటి మీది స్థిర విద్యుత్తు తగిలి చిప్పులు చెడిపోకుండా మాటిమాటికీ ఇనుమును ముట్టుకున్నాడు. ప్రాసెసరు మూలనున్న చిన్న త్రికోణపు గుర్తును సాకెట్టు మీది గుర్తుతో కలిపి, నొక్కకుండ మెల్లగా దించాడు. మొదటిసారి స్విచ్చి వేస్తే తెర వెలగలేదు. మెమరీ పట్టీలు సరిగా కూర్చోలేదట. టక్కుమనే దాకా నొక్కితే వెలిగింది. అందరమూ చప్పట్లు కొట్టాము.

రెండు నెలలు అంతా బాగానే నడిచింది. జూలై చివర ఆ పెద్ద వానలలో కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి సతాయించింది. ఒక సాయంకాలము ఠప్పున చప్పుడై కాలిన వాసన వచ్చింది. లైట్ల పెట్టె చీకటైపోయింది.

కరీంనగర్‌లో మెకానిక్కుకు చూపిస్తే పాత ఎస్‌ఎంపీఎస్ కాలిపోతూ మదర్‌బోర్డును కూడ తీసుకొనిపోయిందన్నాడు. దేవుని దయవలన ప్రాసెసరు, మెమరీ, ఎస్‌ఎస్‌డీ దక్కినవి. గోడలో నుండి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి ప్రతి భాగమునకు పంచేది ఆ డబ్బాయే. అది మంచిదైతే తేడా వచ్చినప్పుడు తానే ఆగిపోయి మిగతా వాటిని కాపాడవచ్చును. దాని మీది 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో మాత్రమే చెబుతుందట. ఓవర్‌లోడు, షార్టుల నుండి రక్షణ ఉన్నదా, వారంటీ ఎన్నేండ్లు అనేవి వేరుగా అడిగి తెలుసుకోవాలి.

బోర్డు మళ్లీ 7,000. ఎస్‌ఎంపీఎస్ 3,500. యూపీఎస్ 4,000. మొత్తము 14,500. మేము ఆదా చేశామనుకున్నది 5,000.

డబ్బుకంటె ఎక్కువగా బాధించినది మరొకటి ఉన్నది. లైట్లకు, అందానికి పిల్లవాడే పడిపోతాడని మేము భయపడ్డాము. పడినది మేము. వాడు లోపలి బలము చూశాడు, మేము పైరూపము చూశాము. యెష్షయి ఇంట సమూయేలంతటి ప్రవక్త కూడ మొదట ఏలీయాబు రూపమునే చూచెనని ఎన్నిసార్లు చదివినా అది మన కొరకేనని తోచలేదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో "తప్పు మాది బిడ్డా, నీ మాట వినకపోతిమి" అని ఒప్పుకున్నాము. పిల్లల ముందు ఆ మాట అనుట మాకు అదే మొదటిసారి. నోరు పెగలలేదు. వాడు తల వంచుకొని, "నేను గూడ అలిగి ఊకున్న బాపూ, గట్టిగ చెప్పకపోతిని" అన్నాడు. మా ఇంటిలో ఆ దినము నుండి మాటలు పెరిగినవి. చదువు సంగతి, స్నేహితుల సంగతి, అడగకుండానే చెబుతున్నాడు.

కంప్యూటరు నేటికీ ముందు గదిలోనే ఉన్నది. కార్డు పెట్టే చోటు ఇంకా ఖాళీయే. వాడు దాని మీదనే చదువుకున్నాడు, ఆడుకున్నాడు. వాని తమ్ముడు తెర మీద ట్రాక్టరు తోలుతుంటే సాలు వంకర పోయిందని మేము వెనుకనుండి గద్దిస్తుంటాము.

మేము వ్రాసిన ధరలు 2023 నాటివి. 2025 చివర మెమరీ ధరలు బాగా పెరిగినవి గనుక కొనే ముందు మళ్లీ విచారించుకొనుడి. ఏది తగ్గించినా మోసే భాగమును తగ్గించవద్దు. పిల్లలు లెక్క చూసి తెచ్చిన కాగితమును, మన పేరు కొరకు కొట్టివేయవద్దు.

మన గృహములలో కంటికి కనబడని బలములను ప్రభువు స్థిరపరచును గాక. ఆమెన్.