నలభై రెండో రోజు తర్వాత

పసిపిల్లల ఏడుపుకి కూడా ఒక గ్రాఫ్ ఉంది. 1962లో బ్రాజెల్టన్ అనే అమెరికన్ పిల్లల డాక్టరు తల్లుల చేత డైరీలు రాయించి దాన్ని గీశాడు. ఏ జబ్బూ లేని బిడ్డ కూడా రెండో వారం నుంచి ఎక్కువగా ఏడవడం మొదలుపెడుతుంది. ఆరో వారానికి అది శిఖరానికి చేరుతుంది, మూడో నెలకి దిగుతుంది.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. ఆస్పత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డని చూడాలి. 2011 నుంచి దేశమంతా ఉన్న పద్ధతి ఇది. 2018లో దీనికి కొనసాగింపు వచ్చింది గానీ, అందులో మొదటి రాక మూడో నెలలో. అంటే ఏడుపు శిఖరం మీదున్న వారంలోనే చివరిసారి వచ్చి వెళ్ళిపోతారు. అందుకు ఆశాలని అనేదేమీ లేదు. ఆ పట్టిక బిడ్డ ప్రాణం కోసం వేసింది. శిశు మరణాల్లో ఎక్కువ భాగం మొదటి నెలలోనే జరుగుతాయి మరి. తల్లి ఓపిక ఎన్నో రోజున అయిపోతుందో ఆ పట్టికలో లేదు.

మా గోదావరిఖనిలో ఒకప్పుడు ఈ ఖాళీని క్వార్టర్లు పూడ్చేవి. నాన్న బాయి పనికి పోయే రోజుల్లో, నైట్ షిఫ్ట్ చేసొచ్చి పొద్దున పడుకున్న మనిషి లేస్తాడని, ఏడ్చే బిడ్డని పక్క క్వార్టర్‌కి ఎత్తుకుపోయేవాళ్ళట. అట్లా నేను నాలుగు ఇళ్ళల్లో పెరిగానని అమ్మ అంటుంది. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవాళ్ళు, ఇప్పుడు నలభై వేల చుట్టూ ఉన్నారు. రిటైరైనవాళ్ళు క్వార్టర్ అప్పజెప్పాలి. మేమూ అప్పజెప్పి ఊరి చివర ఇల్లు కట్టుకున్నాం. పక్కింటివాళ్ళ పేరు మాకింకా సరిగ్గా తెలీదు.

నా భార్యకి తల్లి లేదు. అందుకని కాన్పయ్యాక మా ఇంటికే తీసుకొచ్చాం. నేను లాప్‌టాప్ తెచ్చుకుని ఇక్కణ్ణుంచే పని చేస్తున్నాను. ఏడో వారంలో ఒక రాత్రి పదింటికి మొదలైన ఏడుపు రెండు దాటినా ఆగలేదు. "పాలు సాలుతలేవు బిడ్డా, డబ్బా పాలు పడదాం" అని అమ్మ. వద్దని తను. ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. ఒక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

అవతల నర్సు వరసగా అడిగింది. ఎన్ని వారాలు? ఒళ్ళు వేడిగా ఉందా, థర్మామీటర్ ఉందా? రోజుకి ఎన్నిసార్లు ఒంటికి పోస్తోంది? వాంతి పచ్చగా ఉందా? పొట్ట గట్టిగా ఉందా? మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు దాటితే పొద్దుటిదాకా ఆగొద్దు, ఆస్పత్రికి తీసుకుపొమ్మంది. పాపకి జ్వరం లేదు, ఒంటికి బాగానే పోస్తోంది. పాలు సరిపోతున్నాయి, ఇది ఈ వయసు ఏడుపే అని చెప్పింది. అమ్మ కూడా ఆ మాట ఒప్పుకుంది.

ఆ ప్రశ్నల వరస నాకు కొత్త కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్స్ 2005లో వస్తే, సలహాల కోసం 104 ఫోన్ 2007లో వచ్చింది. రెంటి వెనకా సత్యం రామలింగరాజు ఉన్నాడు. 104లో తెర మీద సాఫ్ట్‌వేర్ ప్రశ్న చూపిస్తుంది, జవాబుని బట్టి తర్వాతి ప్రశ్న వస్తుంది. నేను రోజూ రాసే కోడ్ కూడా అట్లాంటిదే. అర్ధరాత్రి రెండింటికి ఒక మనిషి ఏ ముఖ్యమైన ప్రశ్ననీ మరిచిపోకుండా చేయడం చిన్న విషయం కాదు.

కానీ ఆ నర్సు ఫోన్ పెట్టేయలేదు. "అమ్మా, పాప సంగతి అయింది. నువ్వు ఎప్పుడు తిన్నావు? ఎప్పుడు పడుకున్నావు?" అని అడిగింది. నా భార్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పాపని మంచం మీద పెట్టి తలుపు తీసుకుని ఎటైనా నడిచి పోవాలనిపిస్తోందని చెప్పింది. అమ్మ పక్కనే ఉంది. ఏమీ అనకుండా పాపని అందుకుని వరండాలోకి పోయింది.

తర్వాతి వారం డాక్టర్ని కలిశాం. బాలింతల దిగులుని గుర్తుపట్టడానికి ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల కాగితం ఒకటి ఉందని, అది 1987 నుంచీ ఉందని అప్పుడే తెలిసింది. పూర్తి చేయడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. తను ఇప్పుడు చాలా నయం.

మనసు బాగోలేనివాళ్ళ కోసం 2022 అక్టోబర్ నుంచి టెలి మానస్ ఉంది. 14416కి చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మంచి ఏర్పాటే. అయితే ఆ రాత్రి నా భార్య ఆ నంబర్‌కి చేసి ఉండేది కాదు. తనకి జబ్బుందని తను అనుకోలేదు, మేమూ అనుకోలేదు. ఏడుస్తున్నది పాప కాబట్టి పాప కోసం ఫోన్ చేశాం. చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదే అనుకుంటాను. తల్లి తన కోసం ఫోన్ ఎత్తదు, బిడ్డ కోసం ఎత్తుతుంది. కాబట్టి తల్లి గురించిన ప్రశ్న బిడ్డ కోసం మోగే ఫోన్‌లోనే ఉండాలి.

ఆ నర్సు అడిగిన ఆఖరి ప్రశ్న తెర మీద ఉందో, తనే కలిపిందో నాకు తెలీదు. తెర మీద ఉంటే ఆ కోడ్ రాసినవాళ్ళకి దండం. లేకపోతే కలపాల్సింది రెండు లైన్లే, పెద్ద పని కాదు.