అటక మీదివి కిలోలెక్కన అమ్మకండి వదినగారూ

వదినగారూ, ఒక్క నిమిషం ఇటు గోడ దగ్గరికి రండి. పొద్దుటినుంచీ మీ ఇంట్లో ట్రంకు పెట్టెలు దించుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. ఇల్లు బిల్డరుకి ఇచ్చేస్తున్నారనీ, భోగిలోపల ఖాళీ చెయ్యాలనీ నిన్న గుళ్ళో మీ అత్తగారు, మా పిన్నిగారు, చెప్పారు. చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకున్నారు. ఇల్లు పోతోందని కాదట, ఆవిడ అటక మీద దాచినవన్నీ పాత పేపర్ల కొట్టుకి వెళ్ళిపోతాయేమోనని.

మిమ్మల్ని తప్పుపట్టడానికి పిలవలేదండీ. మీ ఇబ్బంది నాకు తెలుసు. కొత్త ఫ్లాటులో దేవుడి గదికే చోటు చాలటం లేదు, ఇంక పాతికేళ్ళ కరెంటు బిల్లులూ, మూతల్లేని హార్లిక్స్ సీసాలూ, కాలు విరిగిన పీటలూ ఎక్కడ పెడతారు? అవి పోవలసిందే. ఈ ఊళ్ళో భోగి అంటేనే పాతవి పోయి కొత్తవి రావటం. అయితే అన్నీ మంటలో వెయ్యక్కర్లేదు. 2018 భోగినాడు గుర్తుందా? మంచుకి మంటల పొగ తోడై మీనంబాక్కంలో విమానాలే దిగలేకపోయాయి. ఈమధ్య కార్పొరేషను వాళ్ళే, పాత బట్టలూ చాపలూ టైర్లూ తగలబెట్టకండి, మా మనుషులు వచ్చి తీసుకెళ్తారు అని పండక్కి ముందు చెప్తున్నారు. వాళ్ళకిచ్చెయ్యండి.

నా భయమల్లా ఆ చాపలతోపాటు వెళ్ళిపోయే కాగితాల గురించే.

మెరీనా ఎదురుగా ప్రెసిడెన్సీ కాలేజీలో స్వామినాథయ్యర్‌గారి విగ్రహం చూశారు కదా. తమిళంలో ఎన్నో పాత కావ్యాల్ని వెతికి వెతికి అచ్చువేయించిన మహానుభావుడు. ఆయన తన జీవితచరిత్రలో ఒక సంగతి రాసుకున్నారు. కరివలంవందనల్లూరు గుళ్ళో పూర్వం ఒక పాండ్యరాజు పోగుచేసిన తాళపత్రాలున్నాయని తెలిసి ఎంతో ఆశగా వెళ్ళారట. తీరా వెళితే, శిథిలమైన ప్రతుల్ని నేతిలో ముంచి హోమంలో వెయ్యాలని శాస్త్రం ఉంది, అలాగే చేశాం అన్నారట అక్కడివాళ్ళు. వాళ్ళు దుర్మార్గులు కారు వదినగారూ. భక్తిగానే, పద్ధతిగానే చేశారు. ఆ మంటలో ఏ కావ్యం పోయిందో చెప్పగలిగేవాళ్ళు ఇప్పుడు లేరు. ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నాకు భోగినాడు పొద్దున్నే వీధిలో పడుతున్న పుస్తకాల కట్టలే కళ్ళముందు కనపడతాయి.

మన తెలుగు మాత్రం తక్కువ ప్రమాదంలో పడిందా? బ్రౌన్ దొర 1820లో కడప వచ్చాక, చెదలకి పోతున్న తాటాకు ప్రతుల్ని సొంత డబ్బు పెట్టి కొని, పండితుల్ని జీతాలకి పెట్టుకుని ఎత్తి రాయించాడు, సరిచూయించాడు. వేమన పద్యాలు 1829లో ఈ మదరాసులోనే అచ్చువేశాడు. ఆయన పోగుచేసిన ప్రతులు ఇప్పటికీ ఈ ఊళ్ళోనే, ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఇన్ని పాత ఆకులు ఎందుకయ్యా అని ఆయన్నీ ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

ఇంకా దగ్గరి కాలం సంగతి చెప్తాను. చెట్టినాడులో కోట్టయ్యూరని ఒక ఊరు. అక్కడ రోజా ముత్తయ్య అని సైన్‌బోర్డులు రాసుకునే ఆయన ఉండేవారు. ఆయనకి దొరికిన ప్రతి తమిళ కాగితాన్నీ దాచటమే పని. పుస్తకాలూ పత్రికలే కాదు, నాటకాల నోటీసులూ, శుభలేఖలూ, సినిమా పాటల పుస్తకాలూ. లక్ష దాకా చేరాయి. ఆ ఇంట్లో మనుషులు ఎక్కడ కూర్చునేవాళ్ళో, వాళ్ళావిడ ఎన్నిసార్లు విసుక్కుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు. 1992లో ఆయన పోయారు. ఆ పోగంతటినీ షికాగో విశ్వవిద్యాలయం కొని, అమెరికా పట్టుకుపోకుండా ఇక్కడే ఉంచింది. 1994లో ఆయన పేరుతోనే ఈ ఊళ్ళో గ్రంథాలయం ఏర్పడింది. ఇప్పుడది తరమణిలో ఉంది. తమిళం మీద పరిశోధన చేసేవాళ్ళు ఏ దేశంనించి వచ్చినా ఆ గడప తొక్కాల్సిందే.

మరి మన తెలుగువాళ్ళ కాగితాలేవీ? ఈ ఊరు ఒకప్పుడు తెలుగు పత్రికలకి పుట్టిల్లు కదండీ. నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికని 1914లో ఇక్కడికి తెచ్చి దినపత్రిక చేశారు. భారతి 1924లో ఇక్కడే మొదలైంది. చందమామ 1947 జులైలో ఇక్కడే పుట్టింది. అవన్నీ అచ్చయిన ఊళ్ళో, ఆ అచ్చు చదివిన ఇళ్ళల్లో, అటకలు ఒక్కొక్కటీ ఖాళీ అయిపోతున్నాయి. పిన్నిగారు వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి, వరసగా పేర్చి, సూదీ దారంతో కుట్టి అట్టలు వేయించుకున్నవి ఉన్నాయే, అవి నేను చూశాను. ఆ కాగితాలకి వెనకవైపు బొమ్మలూ, సబ్బుల ప్రకటనలూ, పాఠకుల ఉత్తరాలూ ఉన్నాయి. తరవాత నవలగా వచ్చిన పుస్తకంలో అవేవీ ఉండవు. ఇదివరకైతే ఇలాంటివి సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్‌కి చేరేవి, కావలసినవాళ్ళు అక్కడ వెతుక్కుని కొనుక్కునేవాళ్ళు. 1985 మే నెలాఖరులో అదీ కాలిపోయింది. ఇప్పుడు కొట్టువాడి తక్కెట్లోకి వెళ్ళింది మళ్ళీ పుస్తకంగా తిరిగిరావటం కష్టం.

ఇంకొకటి. మీ మావగారు కుర్రతనంలో మదరాసు మనదే అని అరుస్తూ ఊరేగింపుల్లో నడిచారని పిన్నిగారు ఎన్నిసార్లు చెప్పారో. పొట్టి శ్రీరాములుగారు 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి ఇంట్లో నిరాహారదీక్షకి కూర్చుని, డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. మరుసటేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, కర్నూలు రాజధానిగా. మదరాసు రాలేదు. మన పెద్దవాళ్ళు ఈ ఊరిమీద ఆశ వదులుకున్నారు గాని ఊరిని వదల్లేదు, ఇక్కడే ఉండిపోయారు. వదులుకోవటం అంటే ఏమిటో వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదండీ. రాయపేట హైరోడ్డులో ఆ సాంబమూర్తిగారి ఇల్లు స్మారక భవనంగా నిలిచింది. మీ మావగారి పెట్టెలో ఆనాటి కరపత్రం ఒక్కటి ఉన్నా, అది మీ ఒక్క ఇంటి కాగితం కాదు.

అలాగని దాచటమంతా మంచిదేనని నేననను. పక్క వీధిలో రిటైరైన ఆ పెద్దాయన సంగతి చూశాం కదా. పాల ప్యాకెట్లూ, పేపర్లూ, ఖాళీ డబ్బాలూ పేరుకుపోయి మంచం దాకా వెళ్ళటానికి సన్నటి దారి మిగిలింది. అది బద్ధకం కాదు, పిసినారితనం అంతకన్నా కాదు. ఏ వస్తువు పారెయ్యబోయినా ప్రాణం విలవిల్లాడటం ఒక జబ్బు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దాన్ని విడిగా ఒక రుగ్మతగా గుర్తించింది. ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు కొడుకు లారీ పిలిపించి ఇల్లంతా ఖాళీ చేయించాడు. పెద్దాయన ఇంటికొచ్చి గోడకేసి తిరిగి పడుకున్నారు, కొడుకుతో మాట్లాడటం మానేశారు. కొన్నాళ్ళకి గది మళ్ళీ నిండింది. అలాంటివాళ్ళకి కావలసింది లారీ కాదు, ఓపిగ్గా పక్కన కూర్చునే మనిషీ, మంచి వైద్యుడూను. ప్రభుత్వంవారి 14416 నంబరుకి ఫోను చేస్తే దారి చెప్తారు.

పిన్నిగారిది అది కాదు. ఆవిడ వంటింట్లో ఒక్క గరిటె అదనంగా కనపడదు. ఆవిడ దాచినవాటికి లెక్కుంది.

నన్నడిగితే, అటకమీద ఉందా లేదా అని కాదు చూడవలసింది, ఎప్పుడైనా కిందికి దిగుతుందా అని. మీ బొమ్మల కొలువు పెట్టెలే తీసుకోండి. అవీ అటకమీదివేగా. ఏటా నవరాత్రులకి దిగుతాయి. పాత ధోవతి పీలికల్లో చుట్టిన మరప్పాచ్చి జంటని విప్పుతాం, కొండపల్లి బొమ్మకి ముక్కు ఊడితే మైనం పెడతాం, చెట్టియారు బొమ్మ కొట్టు ముందు పప్పూ బియ్యం కొత్తగా పోస్తాం. ఇది ఎవరిచ్చారమ్మమ్మా అని పిల్లలు అడుగుతారు, ఎవరి పుట్టింటినించి వచ్చిందో చెప్తాం. పదోరోజున మళ్ళీ చుట్టి పైన పెడతాం. ఆ పెట్టెని చెత్త అని ఇంతవరకూ ఏ కోడలూ అనలేదు. చోటు చాలదని ఎవరూ గొణగలేదు. అదే ఏళ్ళతరబడి మూత తెరవని పెట్టెనుకోండి, లోపల రామబాణం పురుగు తినేది తింటూనే ఉంటుంది, మనం మాత్రం ఉందిలే అనుకుంటూ ఉంటాం. దాచామని తృప్తిపడటానికి అందులో ఏమీ మిగలదు.

మా చెల్లెలు జాఫర్‌ఖాన్‌పేటలో ఉండేది. 2015 డిసెంబరులో అడయారు పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు టీవీ, ఫ్రిజ్జు, బీరువా అన్నీ పోయాయి. వాటికోసం అది ఏడవలేదు. ఆల్బములకోసం ఏడిచింది. తడిసి అంటుకుపోయిన ఫొటోల్ని లాగితే బొమ్మ ఊడొచ్చేస్తుంది. శుభ్రమైన నీళ్ళల్లో కాసేపు నాననిచ్చి, నెమ్మదిగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడన ఆరబెట్టాలి. అలా కొన్ని దక్కాయి. అయితే దక్కినవాటిలో సగంమంది ఎవరో చెప్పగలిగిన మా అమ్మ అప్పటికే లేదు. నీళ్ళు తీసుకెళ్ళిందానికన్నా ఆ నష్టమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకని వదినగారూ, ఏమీ అనుకోకండి. పిన్నిగారు లేనప్పుడు ఒక్క పెట్టె కూడా బయటికి పంపకండి. ఆవిడని కుర్చీలో కూర్చోపెట్టి, ఒక్కొక్కటే చేతికివ్వండి. ఇది ఉంచుదామా అని కాదు, ఇదేమిటత్తయ్యా అని అడగండి. చెప్పటం అయ్యాక చాలావాటిని ఆవిడే తీసెయ్యమంటారు, చూడండి. ఇత్తడి గుండిగలు మీ ఆడపడుచులకి పంపండి, వాడుకునేవాళ్ళుంటే అడిగి తీసుకుంటారు. కరెంటు బిల్లులు చింపెయ్యండి. కుట్టించిన సీరియళ్ళూ, పాత భారతి సంచికలూ, మావగారి కరపత్రాలూ మాత్రం ముట్టుకోకండి. వాటిని తీసుకునే గ్రంథాలయమేదో మనిద్దరం కలిసి కనుక్కుందాం. ఇక్కడ కాకపోతే వేటపాలెంలో సారస్వత నికేతనానికి రాద్దాం. 1918 నించీ పత్రికలు దాచిపెడుతున్నవాళ్ళు వాళ్ళు, కాగితం విలువ తెలిసినవాళ్ళు.

అన్నిటికన్నా ముందు ఫొటోల పెట్టె దించండి. ప్రతి ఫొటో వెనకా పేర్లూ, ఊరూ, ఏ ఏడాదో పిన్నిగారి చేతనే చెప్పించి రాయండి. పెన్నుతో వద్దు, సిరా ఇవతలికి దిగుతుంది. మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా రాయండి. భోగికి ఇంకా టైముంది. మధ్యాహ్నాలు నేనూ వస్తాను, ఆవిడ చెప్తుంటే మీకు తోడుగా నేనూ రాస్తాను.