మావారి మంచె బేరం

మావారు జింకల వేటకి వెళ్తానన్నప్పుడు నేను వద్దనలేదు. చెట్టెక్కి కూర్చుంటానన్నప్పుడు మాత్రం ఆగమన్నాను.

మేముండేది మిచిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. మూడేళ్ళ క్రితం మా చిన్నాడు విలువిద్య క్లాసులో చేరాడు. ఆరు నెలలకే వాడికి మొహం మొత్తింది. వాణ్ణి దింపి, మళ్ళీ తీసుకొచ్చే డ్యూటీ చేసిన వాళ్ళ నాన్నకి మాత్రం ఆ పిచ్చి పట్టుకుని వదల్లేదు. అది కూడా కప్పీలూ తీగలూ ఉండే ఈకాలపు కాంపౌండు విల్లు కాదు. చెక్కా, ఫైబర్‌గ్లాసూ పొరలుగా అతికించి వంపు తిప్పిన రికర్వ్ విల్లు. ఈ రాష్ట్రానికి ఈ పిచ్చి కొత్తేమీ కాదట. ఫ్రెడ్ బేర్ అనే ఆయన ఇక్కడి గ్రేలింగ్ అనే ఊళ్ళో విళ్ళ ఫ్యాక్టరీ నడిపి, విల్లుతో వేటని దేశమంతా పాకించాడు. ఆ ఫ్యాక్టరీ 1978లో ఫ్లోరిడాకి తరలిపోయింది గానీ, పిచ్చి ఇక్కడే ఉండిపోయింది.

మన ప్రబంధాల్లో వీరులంతా నారిని ఆకర్ణాంతం లాగుతారు కదా. మావారు పెదవి చివరిదాకానే లాగుతారు. ఎందుకంటే గురి అక్కడే కుదురుతుందంటారు. బీయే తెలుగు చదివిన దాన్ని, నాకు ఆ చెవి లోటు ఇప్పటికీ లోటే.

చంపడం సంగతి దాటేసి పోతున్నాననుకోకండి. నేను మాంసం వండుతాను, తింటాను. దుకాణంలో మేకని ఎవరో కోసి ముక్కలు చేసి ఇస్తే తెచ్చుకునే నేను, ఆయన్ని పాపాత్ముడనడానికి నోరెలా వస్తుంది? మా రాష్ట్రంలో ఏటా 50 వేలకి పైగా కార్లు జింకల్ని గుద్దుతున్నాయి. మా కారూ అందులో ఒకటి. కాకపోతే ఒక్క షరతు పెట్టాను. బాణం తగిలి, చావకుండా, పొదల్లోకి పోయి రాత్రంతా కొట్టుకునే జింక మాత్రం మన ఇంటి ఖాతాలో పడకూడదు. అంత నమ్మకం లేని బాణం వెయ్యొద్దు. ఆయన ఒప్పుకున్నారు.

ఇక చెట్టు.

మాది నల్గొండ వైపు పల్లె. మా ఇంటి వెనక వీధిలో ఉండే గౌడ్ మామ, నేను ఏడో తరగతిలో ఉండగా తాటిచెట్టు మీంచి పడ్డాడు. మోకు జారింది. ప్రాణం పోలేదు, నడుము పోయింది. పదకొండేళ్ళు నులక మంచం మీదే ఉన్నాడు. అత్త బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచింది. నేను పెళ్ళయి వచ్చేసిన రోజు కూడా ఆ మంచం మీంచే చెయ్యెత్తి దీవించాడు. కాబట్టి "ఇరవై అడుగులే కదా" అని మావారు తేలిగ్గా అన్నప్పుడు నాకు తాటిచెట్టు కనిపించలేదు, నులక మంచం కనిపించింది.

"సరే, వెళ్ళండి. కానీ ఆ ఎక్కే సరంజామా ఏదో నేను చూసి కొంటాను" అన్నాను. ఆయన నవ్వారు. "నువ్వా?" అన్నారు. ప్రెషర్ కుక్కర్ కొనడానికి నాలుగు షాపులు తిరిగేదాన్ని నేనే కదా మరి!

వీళ్ళు దాన్ని ట్రీ స్టాండ్ అంటారు. మనకి దానికి చక్కటి మాట ఎప్పట్నించో ఉంది, మంచె. జొన్నచేలో మంచె మీద కూర్చుని ఒడిసెల తిప్పి పిట్టల్ని తోలేవాళ్ళం. ఇక్కడ మంచెలు మూడు నాలుగు రకాలు. నిచ్చెనతో పాటు చెట్టుకి ఆనించి కట్టేది ఒకటి. చెట్టుకి పట్టీతో బిగించి, విడిగా మెట్లు కట్టుకుని ఎక్కేది ఇంకొకటి. మూడోది క్లైంబర్. అది తనంతట తానే చెట్టెక్కుతుంది, దాని మీదున్న మనిషితో సహా. మావారు వెళ్ళేది వాటర్లూ వైపు ప్రభుత్వ అడవికి. అలాంటి చోట చెట్టుకి మర మేకులు దిగ్గొట్టడం నేరం. వదిలేసి వస్తే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు కూడా. అందుకని పొద్దున వీపున మోసుకెళ్ళి సాయంత్రం మోసుకొచ్చే క్లైంబరే కుదురుతుందన్నారు. అక్కడిదాకా నాకూ సబబే అనిపించింది.

అదెలా పనిచేస్తుందో పక్కింటి తాతగారు తన షెడ్డులోంచి తీసి చూపించారు. డెబ్భై దాటినా ఇంకా వేటకి వెళ్తారాయన. చూడగానే నాకు అర్థమైపోయింది, ఇది మోకే! అల్యూమినియం చట్రాలు రెండు. పైది కూర్చోడానికి, కిందిది నిలబడడానికి. ఒక్కోదానికీ చెట్టు చుట్టూ తిరిగొచ్చే ఇనుప తీగ ఉంటుంది. మనిషి బరువు ముందు వైపు పడితే వెనక తీగ బెరడుని కరుచుకుంటుంది. బరువు తీసేస్తే వదులవుతుంది. పై చట్రం మీద బరువు వేసి కాళ్ళతో కిందిదాన్ని పైకి లాగడం, దాని మీద నిలబడి పైదాన్ని ఎత్తడం. గొంగళిపురుగు నడకన్నమాట. మా గౌడ్ మామ నడుము చుట్టూ మోకు వేసుకుని వెనక్కి వాలి ఎక్కినప్పుడు జరిగిందీ ఇదే. వాలినంతసేపూ పట్టు, వాలడం మానితే జారుడు.

తాతగారు రెండు సంగతులు చెప్పారు. మొదటిది, పై చట్రాన్నీ కింది చట్రాన్నీ తాడుతో ఒకదానికొకటి కట్టాలి. పైన కూర్చున్నప్పుడు కిందిది కాళ్ళ నుంచి జారి నేల మీద పడితే, మనిషి పైన వేలాడుతూ దిగే దారి లేక ఉండిపోతాడు. రెండోది, చెట్టు పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి తీగ వదులై మంచె ముందుకి వంగుతుంది. అందుకే నేల మీద మొదలుపెట్టేటప్పుడే ముందు వైపు కొంచెం పైకి లేచి ఉండేలా బిగించుకోవాలి. పైకి వెళ్ళేసరికి సమంగా వస్తుంది. ఈ రెండూ పెట్టెలో వచ్చే పుస్తకంలోనూ ఉన్నాయి. ఆ పుస్తకం చదివింది మా ఇంట్లో నేనొక్కదాన్నే.

షాపులో అసలు పేచీ మొదలైంది. క్లైంబర్లలో మళ్ళీ రెండు రకాలు. ఒకదానికి ముందు వైపు అడ్డంగా కమ్మీ ఉంటుంది, చంటిపిల్లల కుర్చీకి ఉన్నట్టు. ఇంకోదానికి ముందంతా ఖాళీ. నాకు కమ్మీ ఉన్నది చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇదే కావాలన్నాను. మావారు నసిగారు. "విల్లు తగుల్తుందేమో" అన్నారు. "అందరూ వాడుతున్నారు కదండీ" అన్నాను.

అందరూ వాడుతున్నది కాంపౌండు విల్లు. దాని పొడవు మొత్తం కలిపి 30-33 అంగుళాలు. మావారి రికర్వ్ 62 అంగుళాలు. చేతి పిడికి కిందే ఇంకో 30 అంగుళాల కొమ్ము వేలాడుతుంది. షాపులో ఒక మంచె స్తంభానికి అడుగెత్తున బిగించి ఉంచారు. మావారు కూర్చుని, బాణం లేకుండా విల్లు కొంచెం లాగి చూశారు. కింది కొమ్ము కమ్మీకి టంగుమని తగిలింది. పక్కకి వంచి పట్టుకున్నా కుడివైపు తిరిగేసరికి మళ్ళీ తగిలింది. ఆ చప్పుడుకే జింక పారిపోతుంది, అది పర్వాలేదు. బాణం వదిలే క్షణంలో తగిలితేనో? బాణం ఎటు పోతుందో తెలీదు. అంటే నేను వద్దన్న ఆ గాయపడ్డ జింక, నా ముచ్చట కమ్మీ వల్లే గాయపడుతుందన్నమాట.

లేచి నిలబడి వెయ్యొచ్చు, అప్పుడు కమ్మీ మోకాళ్ళ దగ్గరుండేలా సర్దుకోవచ్చు అన్నాడు షాపు అబ్బాయి. అదీ నిజమే. కానీ ఈ విల్లుతో ఇంకో చిక్కుంది. కాంపౌండు విల్లు పూర్తిగా లాగాక బరువు చాలావరకూ తగ్గిపోతుంది, కాసేపు పట్టుకుని ఉండొచ్చు. రికర్వ్‌కి ఆ సదుపాయం లేదు. లాగేకొద్దీ బరువెక్కుతుంది. లాగిన రెండు మూడు సెకన్లలో వదిలెయ్యాలి. గురి చూసే అద్దాలు గట్రా లేవు కాబట్టి జింక 15 గజాల్లోపు రావాలి. అంత దగ్గరకొచ్చిన జింక ముందు మనిషి లేచి నిలబడితే అది చూడదా?

నేను ఆ అబ్బాయిని ఒకటే అడిగాను. "ఈ కమ్మీ మనిషిని పడకుండా ఆపుతుందా?"

"లేదండీ" అన్నాడు. "ఎక్కేటప్పుడు చేతులు ఆనించుకోడానికి, కూర్చున్నాక మోచేతులు పెట్టుకోడానికి. పడకుండా ఆపేది హార్నెస్సే."

ఆ మాటతో నా కమ్మీ మోజు పోయింది. చేత్తో తట్టి చూస్తే ధైర్యంగా అనిపించే వస్తువులు మనింట్లో చాలా ఉంటాయి, అది వేరే సంగతి. ముందు ఖాళీగా ఉన్నదే తీసుకున్నాం. 15 పౌండ్ల బరువు. కమ్మీ ఉన్నది 20 పౌండ్లు. అడవిలో మైలు దూరం మోసేవాడికి ఆ అయిదు పౌండ్లూ తక్కువేం కాదు. మోసే సామర్థ్యం 300 పౌండ్లని ముద్ర వేసి ఉంది. మావారు 82 కిలోలు. చలికోటు, బూట్లు, సంచి, విల్లు కలిపి వంద కిలోలనుకున్నా 220 పౌండ్లు. బియ్యం లెక్క కట్టినట్టు కట్టాను. సగం ధరకి వాడిన మంచెలు దొరుకుతాయని ఆయన ఆశపెట్టారు గానీ నేను వినలేదు. ప్లాస్టిక్ తొడుగు లోపల తీగ తుప్పు పట్టిందో లేదో బయటికి కనిపించదు.

మిగిలిన డబ్బు హార్నెస్ మీద పెట్టాం. పెట్టెలో ఒకటి ఉచితంగానే వచ్చింది. దాన్ని కోటు మీద వేసుకుంటే చిక్కుపడుతోంది, చిక్కుపడేదాన్ని మగవాళ్ళు ఇంట్లో వదిలేసి వెళ్తారు. అందుకని చొక్కాలా తొడుక్కునేది విడిగా కొన్నాను. దాని వీపు వెనక నుంచి వచ్చే పట్టీని చెట్టు చుట్టూ ఉన్న తాడుకి తగిలించి, నేల మీంచి కాలు లేచిన క్షణం నుంచి ఆ తాడుని తనతో పాటే పైకి జరుపుకుంటూ వెళ్ళాలి. పైన కూర్చున్నాక అది తల కన్నా ఎత్తులో, కూర్చుంటే కాస్త బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే అంత దూరమూ పడ్డాకే ఆగుతుంది. ఆగాక కూడా ఊరికే వేలాడుతూ ఉండకూడదు. తొడల పట్టీలు ఒత్తుకుని కాళ్ళలోని రక్తం పైకి రాదు, కాసేపటికే స్పృహ తప్పొచ్చు. కాలు పెట్టి నిలబడడానికి ఒక ఉచ్చు పట్టీ జేబులో ఉండాలి. అది ఏ జేబో నేనే నిర్ణయించాను. కుడివైపు.

ఇది చూస్తున్న రోజుల్లోనే మా తమ్ముడు ఊరి నుంచి వీడియో పంపాడు. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకి 'కాటమయ్య రక్షణ కవచం' అని తాళ్ళూ పట్టీలూ ఉన్న కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కదా, అది. నడుముకీ తొడలకీ అచ్చం ఇవే పట్టీలు. మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆ వీడియో రెండోసారి చూడలేకపోయాను.

ఎత్తు మీద ఇంకోసారి వాదన జరిగింది. తాతగారి స్నేహితులు 20 అడుగులంటారు. నేను కాగితం మీద త్రిభుజం గీశాను. పది గజాల దూరంలో జింక ఉంటే, 20 అడుగుల నుంచి బాణం దాదాపు 34 డిగ్రీల వాలులో దిగుతుంది. 12 అడుగుల నుంచయితే 22. వాలు ఎక్కువైతే రెండు ఊపిరితిత్తులూ తగలకుండా ఒకటే తగిలే ప్రమాదం ఎక్కువ. దగ్గర నుంచే వెయ్యాల్సిన విల్లు కాబట్టి ఆయనకి తక్కువ ఎత్తే మేలు. చివరికి 14 అడుగుల దగ్గర రాజీపడ్డాం. కూరగాయల బేరం కూడా ఇంతసేపు చెయ్యలేదు నేను.

ముందు కమ్మీ లేనిది ఎక్కడం చేతులకి కష్టం. సెప్టెంబరంతా మా పెరట్లో చెట్టు మీద మూడడుగుల ఎత్తున ఎక్కడం, దిగడం సాధన చేశారు, హార్నెస్ తోనే. వీధిలో కుక్కల్ని తిప్పేవాళ్ళు ఆగి చూసి వెళ్ళేవాళ్ళు. అడవిలో ఏ చెట్టు ఎక్కకూడదో కూడా నేర్చుకున్నాం. బెరడు పెచ్చులుగా ఊడే హికరీ పనికిరాదు, తీగ పట్టదు. యాష్ చెట్ల దగ్గరికి పోనేకూడదు. ఆసియా నుంచి వచ్చిన ఒక పచ్చ పురుగు 2002లో డెట్రాయిట్ దగ్గరే మొదట బయటపడి, ఈ రాష్ట్రంలో యాష్ చెట్లన్నిటినీ తినేస్తూ పోయింది. నిటారుగా, కొమ్మల్లేకుండా, మంచెకి పుట్టినట్టు నిలబడి ఉంటాయి. కానీ లోపల గుల్ల.

అక్టోబరు ఒకటిన సీజన్ మొదలైంది. చీకటుండగానే వెళ్ళారు. మూడు మెసేజీలు పెట్టాలని ఒప్పందం. పట్టీ తగిలించాక ఒకటి, పైన కూర్చున్నాక ఒకటి, నేల మీద కాలు పెట్టాక ఒకటి. విల్లు మాత్రం ఎక్కాక తాడుతో పైకి లాక్కోవాలి, చేత్తో పట్టుకుని ఎక్కకూడదు. ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళారు. ఒకసారి రెండు ఆడజింకలు వచ్చి పాతిక గజాల దగ్గర ఆగిపోయాయట. విల్లు ఎత్తలేదన్నారు. నేనేం మాట్లాడలేదు గానీ ఆ రాత్రి ఆయనకిష్టమైన గుత్తొంకాయ చేశాను.

నిన్న వాన పడింది. హార్నెస్ తడిసి వచ్చింది. ఎండలో, హీటరు దగ్గర ఆరేస్తే పట్టీ పాడవుతుంది. అందుకని లాండ్రీ గదిలో నా చీరల పక్కన నీడలో వేలాడదీశాను. తయారైన అయిదేళ్ళకి దాన్ని మార్చెయ్యాలి. పచ్చడి జాడీల మీద రాసినట్టే, ఆ సంవత్సరం మార్కర్‌తో లోపలి వైపు రాసిపెట్టాను.