పుల్లేటి గట్టున కౌజు పిల్లలు

విజయవాడనుండి బందరునకు పోవు బాటకు చాల దూరము కాలువయే తోడు. 1855లో ముగిసిన పాత ఆనకట్టయు, దానికి మారుగా 1957లో నెలకొనిన ప్రకాశం బ్యారేజియు కృష్ణ నీటిని చేలకు మరల్చుటచేతనే ఈ సీమ అన్నమునకు పుట్టినిల్లైనది. ధనుర్మాసమున మేము ఈ బాటనే ఉయ్యూరునకు పయనమైతిమి. పెనమలూరు, కంకిపాడు దాటునప్పటికి ఇరుప్రక్కల వరికోతలు ముగిసి కుప్పలు నిలిచియుండెను. కోతకు కొలది దినములు ముందుగా చేలలో చల్లిన మినుములు మొలకెత్తి, మోళ్ల నడుమ లేత యాకులతో కన్నులకు చలువ గూర్చుచుండెను.

ఇట్టి మోళ్లలోనే శీతకాలమున అడవి కౌజులు గింజలేరుకొనుటకు దిగును. వానిని పట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధము. మేము చూడబోవునవి యవి గావు, జపాను కౌజులు. 1974లో అమెరికానుండి ఉత్తరప్రదేశమునందలి ఇజ్జత్‌నగరమునకు తేబడి, క్రమముగా దేశమంతటను పెంపకమునకు వచ్చిన జాతి యది.

పుల్లేటి గట్టునగల యొక పల్లెలో మా వదినగారు వీనిని పెంచుచున్నారు. ఆమె భర్త కౌలు రైతు. పంట చేతికందిన యేడు కౌలు చెల్లును. అందని యేడు అప్పు మిగులును. కుమార్తె కళాశాల రుసుము మాత్రము ఈ పిట్టల గ్రుడ్లు విజయవాడలో అమ్ముడుపోగా వచ్చుచున్నది.

ఈ పక్షి యనేక తరములుగా మనుష్యుల చేతిక్రింద పెరిగి, గ్రుడ్డు పెట్టుటయే గాని పొదుగుట దాదాపుగా మరచినది. కావున గ్రుడ్లను యంత్రమునందు 17, 18 దినములుంచి పిల్లలను చేయింతురు. పుట్టిన పిల్ల తూకము 7, 8 గ్రాములు. మన బొటనవ్రేలి పైకణుపుకంటె కొంచెము పెద్దది. తల్లి రెక్క యెట్టిదో యది యెన్నడు నెరుగదు. ఆ రెక్కకు మారుగా మనుష్యులు కల్పించిన వెచ్చని తావునకే బ్రూడరని పేరు.

వదినగారి బ్రూడరు వెనుక వసారాలో నున్నది. నలుమూలల పెట్టె గాదు. రేకును గుండ్రముగా చుట్టి నిలిపిన దడి. మూలలున్నచో పిల్లలు చలికి అందు చేరి యొకదానిపై నొకటి పడి, అడుగువి ఊపిరాడక చచ్చునట. క్రింద వరి ఊక పరచి, దానిపై గోనెపట్టా కప్పినారు. ఊకను పిల్లలు మేతయనుకొని తినును. నున్నని కాగితము పరచినచో కాళ్లు జారి వికలమగును. పైన లోపలి తీగె యెర్రనై వెలుగు పాత రకపు 60 వాట్ల బల్బులు వ్రేలాడుచున్నవి. ఇప్పటి ఎల్.ఇ.డి. దీపములు వెలుగు నిచ్చునే గాని ఈ పనికి చాలిన వేడి నీయవు. మొదటి వారము 35 మొదలు 37 డిగ్రీల వేడి యుండవలెను. పిదప వారమునకు మూడేసి డిగ్రీలు తగ్గించుచు, మూడు వారములైన పిదప దీపము మాన్పవచ్చును.

ఉష్ణమాపకము గోడకు వ్రేలాడుచున్నను, వదినగారు చూచునది పిల్లలనే. దీపము క్రింద ముద్దగట్టి కీచుమని యరచినచో చలి. దడి యంచులకు పారి నోళ్లు తెరచినచో మితిమీరిన వేడి. అంతటను చెదరి తిని, త్రావి, నిద్రించినచో సుఖము. బల్బుల త్రాడును దించుటయు నెత్తుటయు ఆ గురుతులను బట్టియే. నీటి పళ్లెమునిండ గోలీలు పోసియున్నవి. ముక్కు పట్టు సందు మాత్రమే మిగులుటచే పిల్ల నీట మునిగి చావదు.

ఆదిపర్వమున మందపాలుని కథ చదివిన సోదరీమణులకు జరిత యను పక్షి జ్ఞప్తికి వచ్చును. ఖాండవము మండునప్పుడు ఆమె రెక్కలురాని తన పిల్లలను ఎలుక బొరియలో దాగుడనగా, ఎలుక వాత బడుటకంటె అగ్నియే మేలని అవి యొల్లకుండెను. వరి పండు సీమలో ఎలుకలకును పందికొక్కులకును కొదువలేదు. అందుచేత దడిపై సన్నని ఇనుప వల కప్పి, రాత్రులందు తలుపు బిగింతురు. రెండు వారములకే పిల్లలు ఎగురజూచును గాన ఆ వల అందులకు గూడ నక్కరకు వచ్చును. మేత యుంచు బల్ల కాళ్ల క్రింద నీటి గిన్నె లమర్చుటచే చీమలు చేరవు.

అన్నిటికంటె భయంకరమైనది దీపమారుట. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చెంత తీరము దాటినప్పుడు ఆ పల్లెలో కరెంటు నిలిచిపోయెనట. దడిలో రెండువందల పిల్లలు. వాని వయస్సు మూడు దినములు. పొరుగావిడ నిప్పుల కుంపటి నుంచి తలుపులు మూయుమనగా వదినగారు సమ్మతింపలేదు. మూసిన గదిలో బొగ్గునుండి పుట్టు విషవాయువునకు వాసన యుండదు. అది పిల్లలనే గాదు, కాచువారిని గూడ చంపును. ఆమె వంటింటిలో నీరు కాచి చెంబులలో పోసి, మూతలు బిగించి, పాతచీరల చుట్టలు చుట్టి దడిలో నుంచినారు. గాలి యాడుటకు ఒకవైపు విడిచి, పైన దుప్పటి కప్పినారు. అత్తగారును, కుమార్తెయు, తానును వంతులవారీగా చెంబులు మార్చిరి.

“వదినగారూ, చేలో కుప్పలు మునిగినవని ఆయన వచ్చి చెప్పినారు. ఏడ్చుటకైనను తీరిక లేదు; అప్పటికే చెంబులు చల్లారుచుండెను” అని యామె మాతో ననిరి.

తెల్లవారునప్పటికి తొమ్మిది పిల్లలు చచ్చెను. తక్కినవి బ్రతికి, ఏడవ వారమున గ్రుడ్లు పెట్టనారంభించెను. వరి పోయిన ఆ యేట కళాశాల రుసుము తప్పకుండ కట్టబడినది.

ఈ పనికి పూనుకొనదలచు సోదరీమణులు పిల్లలు రాకమునుపే దీపములు వెలిగించి దడిని వెచ్చజేసి యుంచవలెను. మొదట ఇరువదింటితో నారంభించి, కన్ను పట్టువడిన పిదప హెచ్చింపవచ్చును. మేతను మెత్తగా నూరినదే పెట్టవలెను. అందు మాంసకృత్తులు నూటికి 24కు తగ్గరాదు. రోగము సోకినచో నాటుమందులతో కాలము గడపక పశువైద్యుని పిలువవలెను. గన్నవరమున పశువైద్య కళాశాలయే కలదు. వేడినీళ్లకు చెంబులును, చుట్టుటకు పాతగుడ్డలును వానాకాలమునకు ముందే యొకచోట చేర్చి పెట్టుకొనుట మరువరాదు. గాలివాన వచ్చిన రాత్రి వెదకుటకు వ్యవధి యుండదు.