రిబ్బన్ పురుగు – నేను చెప్పిన తప్పు

మన నంద్యాలకు కుందూ నది కలదు గాని సముద్రం లేదు. ఇక్కడ కూర్చుండి దక్షిణ ధ్రువ సముద్రపు పురుగును గూర్చి వ్రాయడం మిత్రులకు వింతగా తోచవచ్చు. కాని మౌఖిక పరీక్షలో నన్ను తలవంచుకొనేలా చేసినది ఆ పురుగే.

జంతుశాస్త్ర ప్రయోగశాలలో, ఫార్మలిన్ సీసాలో ఒక బద్దెపురుగు ఉన్నది. తెల్లగా, చదునుగా, అచ్చం రిబ్బనువలె ఉంటుంది. రిబ్బన్ పురుగు జీర్ణవ్యవస్థను వివరింపుమని అడిగినప్పుడు నాకు ఆ సీసాయే కళ్లముందు మెదలింది. "నోరు లేదు, పేగు లేదు సార్" అని ధైర్యంగా చెప్పాను. ఆచార్యులవారు మందలించలేదు, సున్న చుట్టారు.

ఆ ఆదివారం ఆళ్లగడ్డలో మామూ ఇంటికి వెళ్లాను. ఆయన శిల్పశాలలకు రాళ్లు తోలుతారు. ఒక శిల్పి రెండు రాళ్లను సుత్తితో మెల్లగా తట్టి చెవి ఒగ్గాడు. ఖంగుమన్నదానిని ఉంచుకొని, బొంగురుగా పలికినదానిని పక్కకు నెట్టించాడు. నా కంటికి రెండూ ఒకటే. "లోపల బీటుంది బేటా" అన్నారు మామూ. నాకు సీసా గుర్తుకు వచ్చి సిగ్గు కలిగింది.

తిరిగి వచ్చి పుస్తకాలు తిరగవేశాను. పేగులో పడి ఉండి చర్మంతో ఆహారం పీల్చుకొనే బద్దెపురుగుకు నోరు అక్కరలేదు. రిబ్బన్ పురుగు అట్లు కాదు. దానికి నోరు, పేగు, పాయువు, రక్తనాళాలు అన్నీ కలవు. అన్నింటికంటె విచిత్రం దాని తొండం. అది పేగుకు పైభాగాన, ద్రవం నిండిన ఒరలో ముడుచుకొని ఉంటుంది. ఒర కండరాలు బిగుసుకొనగానే, చొక్కా చేతిని తిరగవేసినట్లు, తొండం లోపలి వైపు వెలికి వచ్చి ఎరను చుట్టుకొంటుంది. వెనుకకు లాగడానికి వేరొక కండరం కలదు.

1876లో మెకింటాష్ వర్ణించిన పార్బొర్లేసియా కొరుగేటస్ దక్షిణ ధ్రువ సముద్రాలలో రెండు మీటర్ల వరకు పెరుగుతుంది. అంత దేహానికీ మొప్పలు లేవు! చర్మమే శ్వాసాంగం. చల్లని నీటిలో ప్రాణవాయువు అధికంగా కరగి ఉండడం, చలిలో దేహవ్యాపారాలు మందగించడం దానికి కలిసివచ్చాయి. ప్రాణవాయువు తగ్గితే దేహాన్ని మరింత పలుచన చేసుకొంటుంది. పైనున్న జిగురు ఆమ్లగుణం కలది. అందువలన చేపలు దానిని తినడానికి జంకుతాయి.

రెండు పురుగుల బొమ్మలనూ పక్కపక్కనే గీసి ఆచార్యులవారికి చూపాను. తొండపు ఒరను పేగుకు దిగువన గీశానట! ఎర్రసిరాతో బాణం వేసి పైకి జరిపారు.