ముందుగది

చిన్న ఇంటిలో సామాను చోటు మార్చడం ఒక విధంగా భూసంస్కరణ వంటిది. ఏ వస్తువు ఎంత నేల ఆక్రమించుకొన్నదో, ఆ నేల ఎవరి పేరున ఉన్నదో అంతవరకు ఎవరూ లెక్క చూడరు. కొలత మొదలుపెట్టిన నాడు పాత హక్కులన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి.

రవీంద్రులు శాంతినికేతనంలో ఉదయన్, కోణార్క్, శ్యామలి, పునశ్చ, ఉదీచి అని ఐదు ఇళ్లు కట్టించుకొని, ఒకదానినుండి మరొకదానికి మారుతూ ఉండేవారు. వాటిలో 1935 నాటి శ్యామలి మట్టి ఇల్లు. మాబోటివారికి ఇల్లు మార్చే యోగం లేదు. కుర్చీ మార్చుకొని తృప్తిపడవలసిందే.

మా ఇల్లు ఉత్తర కలకత్తాలో ఒక సందులో ఉన్నది. 2001లో నగరం పేరు కోల్‌కతా అయింది గాని, మా సందు వెడల్పు మాత్రం పెరగలేదు. వీధివైపు గది పొడవు 14 అడుగులు, వెడల్పు 10 అడుగులు. ఈ 140 చదరపు అడుగులలో 42 ఒక్క తక్తపోషుకే చెల్లిపోయేవి. తక్తపోషు అంటే వెడల్పాటి చెక్కబల్ల వంటి మంచం. పగలు కూర్చోవడానికి, రాత్రి అతిథి వస్తే పడుకోవడానికి పనికివస్తుంది. మా తాతగారి కాలంలో దానిమీద ఏడెనిమిది మంది చేరి పొద్దుపోయేదాకా రాజకీయాలు, కవిత్వం, ఫుట్‌బాల్ మాట్లాడుకొనేవారట. ఆ కొలువునే మేము అడ్డా అంటాము. మా నాన్నగారి తరంలో నలుగురు మిగిలారు. ఇప్పుడు ఎవరూ రావడం లేదు. మా ఊరి అలవాటు చొప్పున కోళ్ల కింద ఇటుకలు పెట్టి దానిని ఎత్తు చేశాము గనుక, వాననీరు లోపలికి వచ్చినా తడవకుండా కింద ట్రంకుపెట్టెలు, పాత పత్రికలు సుఖంగా ఉండేవి. మనుషులకే చోటు లేదు. మా అమ్మాయి పదకొండవ తరగతి పుస్తకాలు పట్టుకొని మేడమెట్ల మీద చదువుకొనేది.

గదికి రెండు గుమ్మాలు. ఒకటి వీధిలోకి, ఒకటి ఇంటిలోకి. అవి ఎదురెదురు మూలలలో ఉన్నందువల్ల నడకదారి గదిని ఏటవాలుగా రెండు ముక్కలు చేసేది. గుమ్మాలను కదపలేము గాని దారిని వంచవచ్చును. సామాను ఒకవైపుకు చేర్చి, గోడల వెంబడి రెండున్నర అడుగుల బాట విడిచిపెట్టాము. అప్పుడు పదకొండున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు గల చోటు ఒక్క ముక్కగా చేతికి వచ్చింది. నాలుగు మూలల నాలుగు చిన్న ఖాళీల కంటె ఒక పెద్ద ఖాళీ ఎన్నో విధాల మేలు. బీరువాను గోడకు మూడు వేళ్ల ఎడంగా నిలిపాము. మా వానలలో గోడకు ఆనిన చెక్క చెమ్మ పీల్చి చెదపురుగును పిలుస్తుంది.

ఇక మిగిలింది తక్తపోషు. దాని జోలికి పోతే మా అమ్మ మనస్సు నొచ్చుకొంటుందని అందరమూ సంకోచించాము. తీరా అమ్మివేయమన్నది ఆమే.

"తాతగారి వస్తువు కదమ్మా!" అన్నాను.

"కావచ్చు. దానిమీద నేనెన్నడైనా కూర్చున్నానా?" అన్నది.

మేము మాట్లాడలేకపోయాము. ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చి యాభై ఏళ్లు దాటింది. ప్రతి ఉదయం ఆ చెక్కను తుడిచింది. ప్రతి సాయంత్రం లోపలి గుమ్మం దాకా టీ తెచ్చి, తెర వెనుక నిలబడి ఆ మాటలు విన్నది. ముందుగదిలో ఆమె చోటు ఆ గడప దగ్గరే ఆగిపోయింది. 1978లో మా రాష్ట్రంలో ఆపరేషన్ బర్గా పేరిట, ఇతరుల భూమిని పాలికి సాగుచేసే రైతుల పేర్లు దస్తరాలలో ఎక్కించారు. నేల దున్నినంత మాత్రాన పేరు పుస్తకంలోకి ఎక్కదని, ఎవరో ఒకరు వెళ్లి వ్రాయాలని ఆ ఉద్యమం చెప్పింది. ఇళ్ల లోపలి నేలకు అట్లాంటి దస్తరం లేదు.

తక్తపోషును అమ్మలేదు. వడ్రంగి దానిని కోసి రెండున్నర అడుగుల వెడల్పు చేశాడు. మిగిలిన చెక్కతో అమ్మాయికి వ్రాతబల్ల తయారైంది. వెలుతురు ఎడమవైపునుండి పడేటట్లు దానిని వేశాము, వ్రాసే చేతి నీడ కాగితం మీద పడకుండా. సన్నబడిన తక్తపోషును వీధి కిటికీ పక్కన వేసి, అది అమ్మదన్నాము. రెండు మూడు రోజులు ఆమె పరాయింటికి వచ్చినట్లు అంచున కూర్చుని, పిలిస్తే లేచిపోయేటట్లు లోపలి గుమ్మం వైపే చూస్తూ ఉండేది. తరువాత కాళ్లు పైకి మడుచుకొన్నది. ఆపైన కళ్లజోడు, పత్రిక అక్కడికి చేరాయి.

ఈ మధ్య సాయంత్రం నాలుగు గంటలకు ఎదురింటి వృద్ధురాళ్లు ఇద్దరు వీధిగుమ్మంలో నుండే వస్తున్నారు. ఇదివరకు వాళ్లకు దొడ్డిదారే తెలుసు. వాళ్ల మాటల సందడిలో పాఠాలు సాగడం లేదని అమ్మాయి ఫిర్యాదు చేసింది. జపానులో పరుపులను ఉదయమే మడిచి గోడ అరలో పెట్టివేస్తారు, రాత్రి పడకగదిగా ఉన్నదే పగలు కూర్చునే గది అవుతుంది. చోటును అడుగులతోనే గాక గంటలతో కూడా పంచవచ్చునన్న మాట. నాయనమ్మా మనుమరాలూ కూర్చుని ఒప్పందం చేసుకొన్నారు. నాలుగునుండి ఆరు వరకు గది అమ్మది, ఆరు తరువాత అమ్మాయిది. ఆ రెండు గంటలూ టీ అందించే పని నాకు వచ్చింది.